6-0, 6-0 ఫైనల్‌ను అంకెల్లో చదవడం ఎలా

టెన్నిస్ మ్యాచ్ ఎంత ఏకపక్షంగా ముగిస్తే స్కోరు మనకు అంత తక్కువ చెబుతుంది. 6-0, 6-0 అని రాసి ఉంటే ఓడినామె ఒక్క గేమ్ కూడా గెలవలేదని తెలుస్తుంది, అంతే. ఒక్కో గేమ్‌లో ఎంతవరకు పోరాడింది? సర్వీస్ చెడి ఓడిందా, రిటర్న్ నిలవక ఓడిందా? గెలిచినామె అద్భుతంగా ఆడిందా, లేక బంతిని కోర్టులో ఉంచి ఊరుకుందా? టీవీలో చూపించే పట్టిక కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు. నిలబెట్టుకున్న సర్వీస్ గేమ్‌లు 6కి 6, బ్రేక్ చేసినవి, అంటే ఎదుటామె సర్వీస్‌లో గెలిచినవి, 6కి 6. రెండూ వంద శాతమే. ఆ పైకి వెళ్ళడానికి చోటు లేదు కాబట్టి, కష్టపడి తెచ్చుకున్న 6-0కీ, చితక్కొట్టిన 6-0కీ తేడా అందులో కనిపించదు.

అందుకే ఇలాంటి మ్యాచ్ దొరికితే నేను గేమ్‌లను పక్కన పెట్టి ఒక మెట్టు కిందికి, పాయింట్ల దగ్గరికి దిగుతాను. నేను డిగ్రీ తరగతులకు స్టాటిస్టిక్స్ చెబుతాను. టెన్నిస్ ఆడటం నాకు రాదు, చూడటం మాత్రం బాగా వచ్చు. ఈ పద్ధతికి కావాల్సినవి మ్యాచ్ రికార్డింగ్, ఒక స్ప్రెడ్‌షీట్, కాస్త ఓపిక. సంభావ్యత పాఠం కొద్దిగా గుర్తుంటే చాలు.

ఉదాహరణకు 2025 జులై 12న జరిగిన వింబుల్డన్ మహిళల ఫైనల్ తీసుకుందాం. ఇగా స్వియాటెక్ 57 నిమిషాల్లో అమండా అనిసిమోవాను 6-0, 6-0తో ఓడించింది. వింబుల్డన్ మహిళల సింగిల్స్‌లో టైటిల్ తేల్చే మ్యాచ్ ఇలా ముగియడం అంతకుముందు 1911లో జరిగింది. అప్పుడు డొరొతియా లాంబర్ట్ ఛాంబర్స్ చేతిలో డోరా బూత్‌బీ ఓడింది.

మొదట మొత్తం పాయింట్లు

ఆ ఫైనల్లో ఆడినవి 79 పాయింట్లు. స్వియాటెక్‌వి 55, అనిసిమోవావి 24. అంటే స్వియాటెక్ వాటా దాదాపు 70 శాతం. గేమ్‌ల లెక్కలో వందకు వంద, పాయింట్ల లెక్కలో వందకు డెబ్బై. ఈ రెండింటి మధ్య దూరాన్నే మనం అర్థం చేసుకోవాలి.

ఈ రెండు అంకెల నుంచి, మ్యాచ్ చూడకుండానే, ఇంకో సంగతి రాబట్టవచ్చు. నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. డ్యూస్ (40-40 సమం) దాకా వెళ్ళకుండా గేమ్ గెలిస్తే గెలిచినామెకు సరిగ్గా 4 పాయింట్లు వస్తాయి. ఒకసారి డ్యూస్ అయ్యి గెలిస్తే 5, రెండుసార్లు అయితే 6. ప్రతి డ్యూస్‌కూ ఒక పాయింటు పెరుగుతుంది. పన్నెండు గేమ్‌లూ ఒకరే గెలిచారు కాబట్టి కనీసం 48 పాయింట్లు రావాలి. వచ్చినవి 55. కాబట్టి ఆ మ్యాచ్‌లో అంపైర్ డ్యూస్ అని ఏడుసార్లు అని ఉండాలి. ఈ చిట్కా ఒక్క గేమ్ కూడా పోని మ్యాచ్‌కే పనిచేస్తుంది, కానీ అక్కడ కచ్చితంగా పనిచేస్తుంది. మీరు రికార్డింగ్ చూసి రాసుకున్న పట్టికలో డ్యూస్‌లు ఏడు రాకపోతే ఎక్కడో ఒక పాయింటు జారిపోయిందన్నమాట.

ఇదే స్కోరు ఉన్న ఇంకో ఫైనల్ పక్కన పెట్టి చూడండి. 1988 ఫ్రెంచ్ ఓపెన్‌లో స్టెఫీ గ్రాఫ్ కూడా నటాషా జ్వెరెవాను 6-0, 6-0తోనే ఓడించింది. అక్కడ జ్వెరెవాకు దక్కినవి 13 పాయింట్లు. అది మట్టి కోర్టు, ఇది పచ్చిక, నిజమే. అయినా 13 ఎక్కడ, 24 ఎక్కడ? అనిసిమోవా సగటున గేమ్‌కు రెండు పాయింట్లు గెలిచింది. జ్వెరెవాకు ఒకటి రావడమే గగనమైంది. స్కోరు బోర్డుకు ఇద్దరూ ఒకటే.

నిమిషాలను మాత్రం నమ్మకండి. 'గంట కూడా పట్టలేదు' అన్న మాట వార్తల్లో బాగా వినిపిస్తుంది, కానీ దాంతో ఏకపక్షతను కొలవలేం. 2014 వింబుల్డన్ ఫైనల్లో పెట్రా క్విటోవా యూజినీ బుషార్డ్‌ను 6-3, 6-0తో ఓడించడానికి 55 నిమిషాలు పట్టింది. 2019లో సిమోనా హలెప్ సెరెనా విలియమ్స్‌ను 6-2, 6-2తో ఓడించడానికి 56. అంటే 15 గేమ్‌ల మ్యాచ్, 16 గేమ్‌ల మ్యాచ్ కూడా ఈ 12 గేమ్‌ల మ్యాచ్ కంటే ముందే అయిపోయాయి. గడియారంలో సర్వీస్‌కు ముందు బంతిని నేలకేసి కొట్టే సమయం, వైపులు మారే విరామం అన్నీ కలిసిపోతాయి.

పాయింట్ల మొత్తమే సర్వస్వమనీ అనుకోవద్దు. 2019 పురుషుల ఫైనల్లో ఫెదరర్ 218 పాయింట్లు, జొకోవిచ్ 204 గెలిచారు. ట్రోఫీ జొకోవిచ్‌ది. హోరాహోరీ మ్యాచ్‌లో ఏ పాయింటు ఎప్పుడు వచ్చిందన్నది ఫలితాన్ని తిప్పేస్తుంది. 70-30 మ్యాచ్‌లో ఆ భయం దాదాపు ఉండదు, అందుకే ఇక్కడ మొత్తంతో మొదలుపెట్టొచ్చు.

పట్టిక ఎలా వేయాలి

ఒక్కో పాయింటుకు ఒక్కో వరుస. గడులు ఎనిమిది: సెట్, గేమ్ నంబరు, పాయింటుకు ముందు స్కోరు, సర్వీస్ ఎవరిది, ఆడింది మొదటి సర్వీసా, రెండోదా, బంతి ఎన్నిసార్లు కొట్టారు, పాయింటు ఎలా ముగిసింది, ఎవరు గెలిచారు. ఇంతకు మించి గడులు పెట్టకండి. బంతి పడ్డ దిక్కు, స్పిన్, నిలబడ్డ చోటు అన్నీ రాయాలన్న ఉత్సాహం మొదటి గేమ్‌లో ఉంటుంది, నాలుగో గేమ్‌కల్లా చేయి ఆగిపోతుంది. సగం నింపిన గడి ఖాళీ గడి కంటే ప్రమాదం. తేలిగ్గా కనిపించినవే రాసి, కష్టమైనవి వదిలేస్తాం కదా, ఆ వదిలేసినవాటితోనే లెక్క ఒక వైపు వాలిపోతుంది.

సర్వీస్‌నీ రిటర్న్‌నీ విడదీయడం

పచ్చిక మీద ఇది తప్పదు. వింబుల్డన్‌లో 2001 నుంచి గడ్డి పూర్తిగా పెరెన్నియల్ రై రకమే, ఆట సమయంలో దాన్ని 8 మిల్లీమీటర్ల ఎత్తున ఉంచుతారు. బంతి నేలను తాకి ఎక్కువ ఎత్తు లేవకుండా జారుతూ వస్తుంది. రిటర్న్ చేసేవాళ్ళకు సమయం తగ్గుతుంది, సర్వీస్ చేసేవాళ్ళకు అది లాభం. కాబట్టి మట్టి మీద ఆరు బ్రేక్‌లకూ, గడ్డి మీద ఆరు బ్రేక్‌లకూ ఒకే విలువ కట్టకూడదు. 70 శాతం అనే ఒకే అంకెలో సర్వీస్ మీద గెలిచినవి, ఎదుటివారి సర్వీస్ మీద గెలిచినవి కలిసి దాక్కుంటాయి. పట్టికను రెండుగా చీల్చి రెండు శాతాలు విడిగా రాయండి.

తర్వాత ఓడినామె సర్వీస్‌ను ఇంకా విప్పాలి. సూత్రం చిన్నదే: మొదటి సర్వీస్ పడిన శాతాన్ని దాని మీద గెలిచిన శాతంతో గుణించాలి. రెండో సర్వీస్ ఆడాల్సి వచ్చిన శాతాన్ని దాని మీద గెలిచిన శాతంతో గుణించాలి. రెండూ కూడితే సర్వీస్ మీద గెలిచిన మొత్తం శాతం వస్తుంది.

ఊహకు కొన్ని అంకెలు వేసుకుందాం. ఇవి ఏ మ్యాచ్‌వీ కావు. మొదటి సర్వీస్ 60 శాతం పడుతుంది, దాని మీద 65 శాతం గెలుస్తుంది, రెండో సర్వీస్ మీద 45 శాతం. మొత్తం 57 శాతం. ఇప్పుడు మొదటి సర్వీస్ 60 నుంచి 45 శాతానికి పడిపోయిందనుకోండి. కామెంటరీలో దీన్నే పెద్ద కారణంగా చెబుతారు. మొత్తం ఎంతకు దిగుతుంది? 54కి. వందకు మూడే పాయింట్ల తేడా! అదే మొదటి సర్వీస్ 60 దగ్గరే ఉండి, రెండో సర్వీస్ మీద గెలిచేది 45 నుంచి 25కి పడితే మొత్తం 49కి జారుతుంది. సర్వీస్ చేస్తున్నామె సగం పాయింట్లు కూడా గెలవడం లేదు. అంటే చాలాసార్లు రోగం రెండో సర్వీస్‌లో ఉంటుంది, మనం మొదటిదాని నాడి చూస్తుంటాం. డబుల్ ఫాల్ట్‌లు కూడా ఈ రెండో సర్వీస్ ఖాతాలోకే వస్తాయి. వాటిని వేరే గడిలో పెట్టి మర్చిపోకండి.

అనవసర తప్పిదాలు

అధికారిక లెక్కల ప్రకారం అనిసిమోవా అనవసర తప్పిదాలు 28, స్వియాటెక్ విన్నర్లు (ఎదుటామె అందుకోలేని షాట్లు) 10. స్వియాటెక్ గెలిచిన 55 పాయింట్లను వీటితో విభజిస్తే 10 తను కొట్టినవి, 28 ఎదుటామె ఇచ్చేసినవి, మిగిలిన 17 ఒత్తిడి పెట్టి చేయించిన తప్పులు. సగానికి పైగా ఇచ్చేసినవే. ఈ కూడిక వేయకుండా '28 తప్పిదాలు' అని ఊరికే రాయడంలో అర్థం లేదు. 79 పాయింట్ల మ్యాచ్‌లో 28 వేరు, 200 పాయింట్ల మ్యాచ్‌లో 28 వేరు. ఎప్పుడూ మొత్తం పాయింట్లతో భాగించి రాయండి. ఇక్కడ అది వందకు 35.

అయితే ఈ గడి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఏది అనవసర తప్పిదం, ఏది ఒత్తిడి వల్ల జరిగిన తప్పు అన్నది లెక్క రాసేవాళ్ళ కంటిచూపు మీద ఆధారపడుతుంది. పచ్చిక మీద ఆ సందేహం ఇంకా పెరుగుతుంది. జారుతూ మోకాలి కిందికి వచ్చిన బంతిని నెట్‌కు కొడితే తప్పు ఎవరిది? నా నియమం ఇది: బంతి దగ్గరికి ఆమె చేరుకుందా, కాళ్ళు కుదురుగా ఉన్నాయా, కొట్టడానికి సమయం ఉందా? మూడింటికీ అవును అయితేనే అనవసర తప్పిదం. మ్యాచ్‌ను రెండోసారి చూసేటప్పుడు మొదటి లెక్కను కనపడకుండా దాచి మళ్ళీ రాయండి. రెండు లెక్కలూ ఎన్ని పాయింట్లలో ఏకీభవించాయో చూడండి. మీతో మీరే ఏకీభవించకపోతే ఆ అంకె మీద పెద్ద వాదన కట్టకూడదు.

వేరే ఫైనల్స్‌తో పోల్చేటప్పుడూ ఈ జాగ్రత్త అవసరం. 2019లో హలెప్ మ్యాచ్ మొత్తంలో 3 అనవసర తప్పిదాలే చేసింది, సెరెనా 26. హలెప్ మూడింటిని చూస్తే గెలిచినామె ఏమీ ఇవ్వకపోవడం కూడా ఏకపక్షతకు ఒక దారి అని తెలుస్తుంది. కానీ 26ని, 28ని పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ చెడగొట్టారని తీర్పు చెప్పడానికి నేను ఒప్పుకోను. రెండు మ్యాచ్‌ల్లో ఆడిన పాయింట్లూ వేరు, కొలిచిన కళ్ళూ వేరు.

ఇందులో అదృష్టం ఎంత

ఇక అసలు లెక్క. ఒక్క పాయింటు గెలిచే సంభావ్యతను 'ప' అనుకుందాం. ప్రతి పాయింటుకూ అదే సంభావ్యత ఉంటే,

గేమ్ గెలిచే సంభావ్యత = ప⁴ × [15 − 4ప − 10ప² ÷ (1 − 2ప(1 − ప))]

దీన్ని స్ప్రెడ్‌షీట్‌లో ఒకసారి రాసి పెట్టుకోండి, అన్ని మ్యాచ్‌లకూ పనికొస్తుంది. ప 55 శాతం అయితే గేమ్ గెలిచే అవకాశం 62 శాతం. ప 60 అయితే 74. ప 70 అయితే 90. పాయింట్లలో చిన్న ఆధిక్యం గేమ్‌ల్లోకి వచ్చేసరికి ఎలా ఉబ్బుతుందో చూశారుగా.

పన్నెండు గేమ్‌లూ వరసగా గెలవాలంటే ఆ అంకెను పన్నెండో ఘాతానికి పెంచాలి. పాయింట్లలో 55 శాతం వాటా ఉన్నామెకు 6-0, 6-0 వచ్చే అవకాశం 0.3 శాతం. 60 శాతం ఉన్నామెకు 2.5 శాతం. మన ఫైనల్‌లోని 55/79 వేస్తే దాదాపు 27 శాతం. అంటే అంత బాగా ఆడిన రోజున కూడా నాలుగింట మూడుసార్లు ఎదుటామెకు కనీసం ఒక్క గేమైనా దక్కాలి. అనిసిమోవాకు దక్కని ఆ ఒక్క గేమ్‌లో దురదృష్టం పాలు కూడా ఉందన్నమాట. సర్వీస్‌కూ రిటర్న్‌కూ వేర్వేరు శాతాలు వేస్తే ఈ 27 ఇంకా తగ్గుతుంది. ఉదాహరణకు 75, 64 వేస్తే 21 అవుతుంది. బలహీనంగా ఉన్న వైపే గేమ్ జారే అవకాశం ఎక్కువ కదా.

ఇంతటితో ఆగితే మా విద్యార్థులకు నేను సగం మార్కులే వేస్తాను. 70 శాతం అన్నది ఆ ఒక్క మధ్యాహ్నం ఆడిన 79 పాయింట్ల నుంచి వచ్చిన అంచనా. దాని ప్రామాణిక దోషం, అంటే అంచనా మామూలుగా అటూ ఇటూ ఊగే మేర, 5 శాతం పైచిలుకు. 95 శాతం విశ్వాసాంతరం (అసలు విలువ ఉండగల పరిధి) వేస్తే అది సుమారు 60 నుంచి 80 దాకా సాగుతుంది. అటు చివర 60 అయితే 6-0, 6-0కి అవకాశం 2.5 శాతం, ఇటు చివర 80 అయితే 77 శాతం. ఒక్క మ్యాచ్ అంకెలతో ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చలేం. పైగా ఈ మ్యాచ్‌ను మనం ఎంచుకున్నదే అది ఏకపక్షంగా ముగిసింది కాబట్టి. అలా ఏరుకున్న మ్యాచ్‌లో అంచనా ఎప్పుడూ నిజం కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

దీనికి నేను వాడే మందు చాలా సాదాది. మ్యాచ్‌కు ముందు నాకున్న అభిప్రాయాన్ని పాయింట్లుగా మారుస్తాను. ఫైనల్ చేరిన ఇద్దరి మధ్య స్వియాటెక్‌కు 54 శాతం ఇచ్చి, ఆ నమ్మకానికి 200 పాయింట్ల బరువు ఇస్తాననుకోండి. అంటే 200కి 108. వాటికి ఈ మ్యాచ్ పాయింట్లు కలిపితే 279కి 163, సుమారు 58 శాతం. ఈ 54, 200 నా ఎంపికలే, మీకు నచ్చినవి మీరు పెట్టుకోండి, కాకపోతే మ్యాచ్ చూడకముందే కాగితం మీద రాసి పెట్టండి. 58 శాతానికి 6-0, 6-0 వచ్చే అవకాశం 1.2 శాతం. 1911కీ 2025కీ మధ్య, యుద్ధాల వల్లా 2020లో కోవిడ్ వల్లా రద్దయినవి తీసేసినా, వందకు పైగా ఫైనల్స్ జరిగాయి. ఈ స్కోరు అన్నాళ్ళకు ఒకసారి రావడం అంత వింతేమీ కాదనిపిస్తుంది.

వరసగా పాయింట్లు పోవడం

'ఒక్కసారిగా కుప్పకూలింది' అనే ముందు ఒక పరీక్ష చేయండి. పట్టికలోని చివరి గడిని, అంటే ఎవరు గెలిచారన్నదాన్ని, స్ప్రెడ్‌షీట్‌లో యాదృచ్ఛిక అంకెలిచ్చే ర్యాండ్ ఫంక్షన్‌తో కలగాపులగం చేయండి. ప్రతిసారీ అతి పొడవైన ఓటమి వరస ఎంతో రాయండి. వెయ్యి సార్లు చేస్తే చాలు. పాయింట్లలో 30 శాతమే గెలిచినామెకు, ఏ మానసిక కుంగుబాటూ లేకుండానే, 79 పాయింట్లలో ఎక్కడో ఒకచోట వరసగా తొమ్మిది, పది పోవడం మామూలు సంగతి. అసలు మ్యాచ్‌లోని వరస అంతకంటే బాగా పొడవుగా ఉంటేనే మాట్లాడాలి.

పాయింట్లు ఒకదానికొకటి పూర్తిగా స్వతంత్రం అని కూడా నేను అనను. ఫ్రాంక్ క్లాసెన్, యాన్ మాగ్నస్ అనే పరిశోధకులు వింబుల్డన్‌లో ఆడిన దాదాపు 90 వేల పాయింట్లను పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ముందు పాయింటు గెలిస్తే తర్వాతిది గెలిచే అవకాశం కొద్దిగా పెరుగుతుంది, కీలకమైన పాయింట్లలో సర్వర్‌కు పని కొద్దిగా కష్టమవుతుంది, బలమైన ఆటగాళ్ళలో ఈ తేడాలు ఇంకా తక్కువ అని తేల్చారు. ఆ 'కొద్దిగా' ముఖ్యం. పై సూత్రం స్థూలంగా పనికొస్తుంది, దాన్ని వేదవాక్కు చేసుకోకూడదు.

టెన్షన్ సంగతి? అనిసిమోవా తనే ఆ రోజు టెన్షన్‌కు లోనయ్యానని చెప్పింది. ఆ మాటను నమ్మొచ్చు, కానీ అది ఆమె మాటగానే రాయండి, మీ పట్టిక తేల్చిన విషయంగా కాదు. తప్పులు పెరిగాయని పట్టిక చెబుతుంది, ఎందుకు పెరిగాయో చెప్పదు. ఫైనల్‌కు రెండు రోజుల ముందు ఇదే అనిసిమోవా సెమీస్‌లో నంబర్ వన్ సబలెంకాను మూడు సెట్లలో ఓడించింది.

ఆ తర్వాత రెండు నెలలు తిరగకముందే, సెప్టెంబర్ 3న, యూఎస్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో వీళ్ళిద్దరే తలపడ్డారు. అనిసిమోవా 6-4, 6-3తో గెలిచింది. 70 శాతాన్ని నమ్ముకున్నవాళ్ళకు అది షాక్, 58 దగ్గర ఆగినవాళ్ళకు ఒక మోస్తరు ఆశ్చర్యం. కాకపోతే అది హార్డ్ కోర్టు. ఆ పాయింట్లను ఈ 79తో కలిపేయకండి. వేరే షీట్ తెరిచి, అవే ఎనిమిది గడులతో మొదటి సర్వీస్ నుంచి రాయడం మొదలుపెట్టండి.